చెడని ఎరుపు

కడప స్టేషనులో రైలు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న మనిషి ముఖం కంటే ముందు అతని గాలం కర్ర నా కంట పడింది. మగ్గం పని లేని రోజుల్లో, చేపల సరదా ఉన్న దొరలకు నేనూ అలాంటి వెదురు కర్రలే చేసి ఇచ్చేవాణ్ణి. గాలం దారం దూరే ఉంగరాలను కర్ర మీద పెట్టి, ఎర్ర పట్టుదారంతో చుట్టి, పైన వార్నిష్ పూసేవాణ్ణి. వార్నిష్ తగలగానే నా ఎరుపు మేక కార్జంలా నల్లబడేది. అతని ఎరుపు మాత్రం కొత్త చీర అంచులా మెరుస్తోంది. నాకు కడుపు మండింది.

"వార్నిష్ పూసినట్టు లేదే. వానకు తడిస్తే పోతాది" అన్నాను.

"పూసినా కదప్పా. తాకి చూడు."

తాకాను. గాజులా నున్నగా ఉంది. ఎలా చేశావని అడగడానికి నాకు నోరు రాలేదు. అతనే చెప్పాడు.

"ముందు తుమ్మబంక నీళ్లు పల్చగా పూసి ఆరబెడతా. దారం ఆ నీళ్లు తాగినాక వార్నిష్ లోపలికి దిగదు. రంగు అట్లే ఉంటాది. మీదేం పని?"

"మాది నేతపని" అన్నాను. కర్రల మాట ఎత్తలేదు.

"అట్లయితే నీకు నేను చెప్పేదేముండాది? పడుగు దారాలకు గంజి పెట్టకుండా మగ్గమెక్కిస్తారా మీరు?"

అతని గొంతులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

ఆ తర్వాత నా ఎరుపు ఎప్పుడూ చెడలేదు. దొరలు మెచ్చుకున్నప్పుడల్లా నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి, అతను గానీ నిలబడి వింటున్నాడేమోనని.