జడ ఉన్న ఆధార్ కార్డుతో చిత్తూరు దాకా

నాకు క్లోమగ్రంథి క్యాన్సర్ అని తెలిసి ఎనిమిది నెలలైంది. వేగంగా ముదిరే రకం. రెండు వారాలకొకసారి మందు ఎక్కిస్తారు. మొదటి వారం మంచం మీద గడుస్తుంది, రెండో వారం కాళ్ళు ఒకచోట నిలవవు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతాను. ఈ జబ్బుకు మందులు తక్కువ, పరిశోధనకు డబ్బు ఇంకా తక్కువ అని డాక్టరు చెప్పాక, ఆయన దగ్గరికి వెళ్ళే మేము నలుగురం విరాళాలు పోగుచేయాలనుకున్నాం. చిత్తూరులో టీచరుగా ఉన్న నా స్నేహితురాలు ఇందిర, వాళ్ళ అపార్ట్‌మెంటు ఆడవాళ్ళతో వచ్చి మాట్లాడమంది. జబ్బు సంగతి ఇంట్లోవాళ్ళకూ ఇందిరకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. అంతమందిలో నోరు పెగులుతుందా అన్నదే నా బెంగ.

శనివారం ఉదయం ఏడున్నరకు తిరుపతిలో మా ఇంటి నుంచి బస్టాండుకు ఆటోలో వెళ్ళాను, ఎనభై రూపాయలు. మా ఆయన తలకు స్కార్ఫు కట్టుకోమన్నారు, వద్దన్నాను. తిరుపతిలో గుండును ఎవరూ తిరిగి చూడరు. మందుకు రాలిన జుట్టు కూడా ఇక్కడ మొక్కు కిందే లెక్క. ఐదు నెలలుగా ఆ చాటునే తిరుగుతున్నాను. చిత్తూరు బస్సులు తరచుగానే ఉంటాయి, ప్రయాణం సుమారు రెండు గంటలు. ఎక్స్‌ప్రెస్‌లో కూడా ఆడవాళ్ళకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. కండక్టరు కార్డులో ఫోటో చూసి, నా తల చూసి, "ఇంత జడ కొండకిచ్చేసినారామ్మా" అన్నాడు. తలూపాను.

చంద్రగిరి దాటేలోపే రెండుసార్లు సీటు మారాను. ఎండ ఒకటి, నడుము ఒకటి. రెండోసారి కూర్చున్నది పూతలపట్టులో దిగాల్సిన ఒక అవ్వ పక్కన. ఆమె చెయ్యి చాపి లడ్డు రవ్వంత పెట్టమంది. కొండ దిగినవాళ్ళను అలా అడగడం ఇక్కడ మామూలే. అందరికీ పంచేశానని చెప్పాను. అవ్వ కాసేపు నా ముఖం వైపే చూసింది.

"పాపా, దేముడు తలమీద ఎంటికలు అడుగుతాడు గానీ కనుబొమలు అడగడే."

కిటికీలోంచి రెండు మామిడి తోటలు వెనక్కి పోయాక, క్యాన్సర్ అవ్వా అన్నాను. పరాయి మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదలు. ఆమె ముందు నన్ను గదమాయించింది. లడ్డు లేదంటే లేదని చెప్పాలి గానీ దేవుడి మీద పెట్టి చెప్పడమేమిటని. తర్వాత నా ఒళ్ళో ఉన్న తాళం వేసిన స్టీలు డబ్బా చూసి, నీ మందులకా అని అడిగింది. కాదు, ఈ జబ్బుకు మందు కనిపెట్టేవాళ్ళకు అన్నాను.

"ఎప్పుడు కనిపెడతారంట?"

"తెలీదవ్వా. నా కాలానికి కాదేమో."

పూతలపట్టు దగ్గరపడింది. లేచే ముందు కొంగు ముడి విప్పి, మూడు ఇరవై రూపాయల నోట్లు మడిచి డబ్బాలో వేసింది. రసీదు పుస్తకం తీసి పేరు అడిగాను.

"పేరెందుకు? బస్సు ఛార్జీ అని రాసుకో. బస్సోళ్ళెట్లా తీసుకోలేదు కదా."

అలాగే రాశాను.

చిత్తూరు బస్టాండులో ఇడ్లీ, టీ నలభై ఐదు. అక్కడి నుంచి ఇందిర ఇంటికి ఆటో అరవై. పదకొండుకు కింది హాల్లో ముప్పైమంది దాకా కూర్చున్నారు. నేను కుర్చీలో కూర్చోలేక నిలబడే మాట్లాడాను. పరిశోధన, ప్రయోగశాల అంటుంటే ఒకరిద్దరు ఫోన్లు చూసుకున్నారు. ముందు వరసలో ఒకామె మర్యాదగానే అడిగింది: "పేషెంటు ఎవరండీ? చిన్నపిల్లా? ఫోటో ఏమన్నా ఉండాదా?"

ఇందిర నా తరఫున ఏదో చెప్పబోయింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఫోటో ఎందుకమ్మా, మనిషే వచ్చింది. జబ్బు నాకే."

ఫోన్లు ఒళ్ళోకి దిగాయి. అయితే పరిశోధనకెందుకు, మీకే ఇస్తాం అన్నారు కొందరు. నా వైద్యం నడుస్తోంది, ఇది నా తర్వాత వచ్చేవాళ్ళకు అన్నాను. మీకు అక్కరకు రానిదానికి ఇంత ఎండలో ఎందుకు తిరుగుతున్నారని అడిగింది అదే ముందు వరస ఆమె. ఇంట్లో కూర్చోలేక అన్నాను. అది నిజం. పందొమ్మిది రసీదులు తెగాయి. మిగతావాళ్ళు ఇంట్లో అడిగి చెప్తామన్నారు.

మూడింటి బస్సులో తిరిగి వస్తుంటే ఇంకో కండక్టరు, అదే ప్రశ్న. "లేదప్పా, మందుకు రాలిపోయినాయి" అన్నాను. అతను ఇంకేమీ అడగకుండా, ముందు సీట్లో కుదుపు తక్కువగా ఉంటుందని చూపించాడు. అక్కడ కూర్చున్నాను. ఐదు నెలలు గుండు చాటున దాక్కుని సుఖపడ్డానని అనుకున్నాను గానీ, ఆ చాటులో ఎవరూ నాకు సీటు చూపించలేదు, ఎవరూ డబ్బాలో ఛార్జీ వేయలేదు. ఇంటికి చేరాక కూడా కాళ్ళు నిలవలేదు. రసీదులు వరసగా పేర్చి, వచ్చే మంచి వారం ఎప్పుడో క్యాలెండరులో చూసి, పుత్తూరు బస్సుల వేళలు రాసుకున్నాను.

ఈ దారిలో వెళ్ళే ఆడవాళ్ళకు ఒక్క మాట. ఆధార్ కార్డు మరిచిపోకండి. ఫోటోలోని మనిషికీ మీకూ ఇప్పుడు పోలిక లేకపోయినా తీసుకెళ్ళండి. ఎవరైనా అడిగితే ఉన్నది చెప్పండి.