బూటు జాడ పట్టిన కుక్క

లోర్నా షెటర్ మేబెల్ నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈకలు తీస్తోంది. కుక్క తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నాలుక కింద అతుక్కున్నవాటిని గోటితో గీరి ప్యాంటుకు తుడుచుకుంటోంది. పక్కనే గడ్డిలో ఫెజెంట్ పుంజు, అడవికోడి లాంటి పొడుగు తోక పక్షి, పడి కొట్టుకుంటోంది. బోనులో పెరిగిన పక్షి. తోక ఈకలు తీగలకు రాసుకుని అరిగిపోయి, పాత చీపురులా ఉన్నాయి.

"వాసన చూడు," అంది నాతో. "కోళ్లగూడు కడిగిన నీళ్ల కంపు. దీన్ని కీత్ వేట పక్షి అంటాడు."

నాది ఆమె పక్క పొలం. కంచెలు వేస్తాను, వెల్డింగ్ పని చేస్తాను. మా దక్షిణ డకోటాలో మొక్కజొన్న కోతలప్పుడు ఫెజెంట్ వేట సీజన్ తెరుస్తారు. ఆ రోజుకు కుక్కల్ని తయారు చేయడమే లోర్నా బతుకుతెరువు. మొగుడు పోయాక పాడి ఆవుల్ని అమ్మేసి ఈ పనిలో దిగింది. ఎవరూ నేర్పలేదు. మొదట్లో కొన్ని కుక్కల్ని చెడగొట్టే నేర్చుకున్నానని తనే చెబుతుంది.

మేబెల్ కీత్ ఆస్ట్‌బీ కుక్క. నల్లటి లాబ్రడార్, ఇంకా పిల్లతనం పోలేదు. కీత్‌కు ఊరి బయట వేట విడిది ఉంది. పట్నాల నుంచి అతిథులు వస్తారు. వాళ్లు లేవకముందే పనివాళ్లు బోను పక్షుల తలలు రెక్కల కింద దూర్చి, గుండ్రంగా ఊపి, మైకం కమ్మించి, అతిథులకు సులువుగా దొరికేలా గడ్డి దుబ్బుల్లో పెట్టి వస్తారు. ఆ పక్షుల మీదే కీత్ మేబెల్‌కు పని నేర్పాడు. అది పక్షిని లేపకుండా నేల మీదే పట్టి, ప్రాణంతో తెచ్చి చేతికిస్తోంది. ఎగిరే పక్షినే కాలుస్తారు కాబట్టి తుపాకులు పేలలేదు. అతిథులు నవ్వారు.

"సీజన్ తెరిచే రోజుకి ఇది పక్షిని లేపాలి," అన్నాడు కీత్, దాన్ని దించుతూ. "లేదంటే ఊళ్లో దిక్కులేని కుక్కల షెడ్డులో వదిలేస్తా. ముక్కు మాత్రం బ్రహ్మాండం, లోర్నా. పక్షిని ఎక్కడ పెట్టినా తిన్నగా పోతుంది."

"అవును, తిన్నగానే పోతోంది," అంది లోర్నా. "అదే నాకు వెగటుగా ఉంది."

పక్షి వాసన గాలిలో వస్తుంది. పని తెలిసిన కుక్క గాలికి ఎదురుగా, తుపాకీ దూరం దాటకుండా అటూ ఇటూ అడ్డంగా తిరుగుతుంది. మేబెల్ గాలిని పట్టించుకోవడమే లేదు. లోర్నా నన్ను ఉత్త చేతులతో గడ్డిలోకి పంపి, ఒక దుబ్బు దాకా నడిచి, వేరే దారిన వెనక్కి రమ్మంది. తర్వాత కుక్కను వదిలింది. అది ముక్కు నేలకు ఆనించి, నేను నడిచిన దారినే పోయి, ఆ ఖాళీ దుబ్బులో మూతి పొడిచి గడ్డి కొరికింది.

లోర్నా కాండ్రించి ఉమ్మింది. "దీని ముక్కులో పక్షి లేదయ్యా. పక్షిని పెట్టొచ్చిన వెధవ బూటుంది."

ఆ మాట ఫోనులో చెబితే కీత్‌కు ఎక్కలేదు. "బూటు వెంట పోయినా పక్షి దొరుకుతోందిగా?"

"అడవి పుంజు దగ్గరికి కూడా నువ్వే ముందు నడిచెళ్లి కూర్చోబెట్టి వస్తావా?"

ఇక బోను పక్షుల్ని తన గేటు లోపలికి రానివ్వలేదు. పావురాలు తెప్పించింది. నేను స్ప్రింగు పెట్టెలు చేసిచ్చాను. దూరం నుంచి మీట నొక్కితే మూత తెరుచుకుని పావురం పైకి ఎగురుతుంది. కుక్క ఎంత ఉరికినా అందదు. ఆ పెట్టెల్ని నడిచెళ్లి పెడితే మళ్లీ బూటు జాడే. అందుకని పొడవాటి కొక్కెం చేయమంది. ముసలి గుర్రమెక్కి, దాని మీది నుంచే పెట్టెను జమ్ములోకి దించేది. గుర్రం అక్కడే రోజంతా మేస్తుంది కాబట్టి దాని జాడ అంతటా ఉండేది. పొద్దున్నే నన్ను పొలమంతా తిప్పేది. నా జాడ ఎటు పోయినా దాని చివర ఏమీ ఉండదు.

మేబెల్ మొదట్లో నా వెంటే తిరిగి, ఖాళీ దుబ్బులు కొరికి విసిగిపోయింది. ఒక రోజు గాలికి ఎదురుగా తల ఎత్తింది. పావురం లేచింది, తుపాకీకి అడ్డు రాకుండా కూర్చోమని లోర్నా ఈల ఊదింది, కుక్క కూర్చుంది. లోర్నా మెచ్చుకోలేదు. చెవి వెనక ఒకసారి రాసి, మళ్లీ మొదటికి తీసుకెళ్లింది.

సీజన్ తెరిచిన రోజున కీత్ వాళ్ల వాగు పక్క పల్లానికి వెళ్లాం. అక్కడ ఉన్నవి అడవి పక్షులే. తీరా చూస్తే కీత్ తెల్లారే వచ్చి, పక్షులున్నాయో లేదో చూద్దామని జమ్ము దాకా నడిచి వెళ్లాడట.

"మంచి పని చేశావు," అంది లోర్నా. ఆమె చూపు అతని బూట్ల మీదే ఉంది.

మేబెల్‌ను వదిలింది. అది నేరుగా కీత్ అడుగుల మీదికి పోయి ముక్కు దించింది. కీత్ కేకేయబోతే లోర్నా అతని చెయ్యి పట్టి ఆపింది. ఈల ఆమె పెదాల మధ్యే ఉంది, ఊదలేదు. కుక్క ఆ జాడన కాస్త దూరం పోయింది. షెడ్డుకు పోయేలానే ఉంది అనుకున్నాను. ఇంతలో జమ్ము మీది నుంచి గాలి కొట్టింది. మేబెల్ తల ఎత్తి, జాడ వదిలేసి, పక్కకు తిరిగి జమ్ములో దూకింది. పుంజు కొక్కరిస్తూ నిట్టనిలువుగా లేచింది. ఈల మోగింది. కుక్క బురదలో కూర్చుంది. కీత్ కాల్చాడు. పక్షి వాగు అవతల పడింది. లోర్నా పేరు పెట్టి పిలిచాకే మేబెల్ కదిలింది. ఈది వెళ్లి, ఒక్క ఈక చెదరకుండా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"అద్దిరింది," అన్నాడు కీత్. "సోమవారం అతిథులొస్తున్నారు, వాళ్లకి చూపిస్తా."

"సోమవారం ఆ మైకం పక్షుల మధ్య వదిలితే మంగళవారానికి మళ్లీ నీ బూట్లు నాకుతుంది. అప్పుడు నా గేటు దగ్గరికి తీసుకురాకు."

కీత్ తుపాకీలోంచి ఖాళీ తూటా తీసి జేబులో వేసుకున్నాడు. "సరేలే. వాళ్లకి పాత కుక్కలున్నాయి. ఇది నాతో ఇక్కడికే వస్తుంది."

అతని ట్రక్కు వెనక భాగం నిండా బోను పక్షుల పెట్టెలు. రెట్టల కంపుకు కళ్లు మండాయి. కీత్ వెనక తలుపు దించబోయాడు.

"అక్కడ కాదు," అంది లోర్నా.

"ముందు సీటు కొత్తది. దీని ఒళ్లంతా బురద."

లోర్నా వెనక తలుపుకు అడ్డంగా నిలబడింది. కీత్ తిట్టుకుంటూ ముందు తలుపు తీశాడు. మేబెల్ ఎక్కి, తోలు సీటు మీద ఒళ్లు విదిలించుకుని కూర్చుంది. లోర్నా మెడలోంచి ఈల తీసి, తాడుతో పాటు అతని చేతిలో పెట్టి, తలుపు మూసింది.