పోలమ్మ గుమ్మంలో వినిపించిన గొంతు

దెయ్యం పట్టిందని తీసుకొచ్చినవాళ్లకి సెలైన్ పెట్టి ఇంటికి పంపిన ఏఎన్ఎంని నేను. పాతికేళ్ల సర్వీసులో ఒక్క దెయ్యమూ నాకు ఎదురుపడలేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే నవ్వేసేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి అది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పల్లెకి మధ్యాహ్నం రెండింటికి చేరాను. ముందురోజే అక్కడ పోలమ్మ అనే ముసలామెకి, ఆమె కొడుకు అప్పన్నకి పాజిటివ్ వచ్చింది. పోలమ్మ చేపలమ్ముకుని బతికిన మనిషి. రెండు కళ్లూ పోయి నాలుగేళ్లయింది. జ్వరంతో, దగ్గుతో మంచానికి అతుక్కుపోయి ఉంది. అప్పన్న మాత్రం బయట కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు.

వేలికి ఆక్సిజన్ చూసే మెషీన్ పెట్టాను. తల్లికి తొంభై మూడు శాతం. కొడుక్కి అరవై ఎనిమిది.

అప్పన్న నవ్వాడు. "వలతాడు లాగిన సేతులు సిస్టరమ్మా. మీ మెషీన్‌కి అందవు."

నిజమే అనుకున్నాను. కాయలు కాసిన వేళ్లకి అంకె తప్పు వస్తుందని మా వాళ్లందరం అనుకునేదే. రాసుకోకుండా వదిలేశాను. నేను వెంట తెచ్చిన అంబులెన్సులో ఒక్కరికే చోటుంది. తల్లి పేరు రాశాను.

పోలమ్మ మంచం పట్టె వదల్లేదు. "నాకేటీ అవ్వదు. ఆడ్ని తీసుకెల్లు. ఆడి మొప్పలు నల్లబడ్డాయి" అంది.

మొప్పలు ఎర్రగా ఉంటే చేప మంచిదనీ, నల్లబడితే పాడైందనీ డ్రైవరు చెప్తేనే నాకు తెలిసింది. మాది శృంగవరపుకోట, ఇంట్లో నీచు ముట్టం.

ముసలామె మొండితనానికి విసుక్కుంటూనే అప్పన్న ఎడమచేతి చిటికెన వేలికి మెషీన్ పెట్టాను. అరవై ఆరు. నా వేలికి పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది. ఎదురుగా నవ్వుతున్న మనిషికి లోపల ఊపిరి అయిపోతోంది.

అప్పన్ననే పంపాం. పదిహేడు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికాడు. ఇంకో రెండు గంటలైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరు. పోలమ్మ గంజి తాగుతూ ఇంట్లోనే లేచి తిరిగింది. ఒకే ఇల్లు, ఒకే జబ్బు.

నెల తర్వాత వెళ్లినప్పుడు, కళ్లు లేకుండా ఎలా కనిపెట్టావని అడిగాను. నేను ఆటపట్టిస్తున్నాననుకుంది.

"నువ్వే కదమ్మా సెప్పినావు. ఆ పొద్దున్న గుమ్మంలో నిలబడి, నీ కొడుకు మొప్పలు నల్లబడ్డాయి, మధ్యాన్నం నేనొచ్చి నిన్ను రమ్మంటాను, నువ్వు ఎల్లకు అన్నావు. నీ గొంతు నాకు తెల్దేటి?"

ఆ రోజు మధ్యాహ్నం దాకా నేను ఆస్పత్రిలో టీకాలు వేస్తూనే ఉన్నాను. రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా నా సంతకం ఉంది. రెండుసార్లు వెళ్లి చూసుకున్నాను.

నేను వెళ్లి తప్పు చెప్పాను. నాకంటే ముందే నా గొంతుతో వచ్చి ఒప్పు చెప్పింది ఎవరో ఈరోజుకీ నాకు తెలియదు. ఇప్పటికీ ఆ గుమ్మం ముందు నిలబడితే పోలమ్మని పేరు పెట్టి పిలవడానికి నాకు గొంతు పెగలదు.