గేటు దాటని కారు

మా చిన్నప్పుడు... శుక్రవారమంటే రెసిన్ వాసన. జుమ్మా నమాజు నుంచి రాగానే నాయన లుంగీ కట్టుకుని, ముక్కుకు అమ్మ పాత చున్నీ చుట్టుకుని వాకిట్లో కూర్చునేవాడు. బకెట్లో జిగురులాంటి రెసిన్ కలిపి బ్రష్షుతో ఫైబర్ మీద అద్దుతుంటే, నేనూ తమ్ముడూ గడప మీద కూర్చుని కారు పుట్టడం చూసేవాళ్లం...

సౌదీలో సముద్రం ఒడ్డున రాస్ తనూరాలో మాది పాత అరబ్బుల ఇల్లు. ఎప్పుడో ఎవరో గొర్రెల కోసం కట్టుకున్న పెద్ద ప్రహరీ, మధ్యలో ఒక వేపచెట్టు. ఆ వాకిలిని అక్కడ హోష్ అంటారు. మా లోకమంతా ఆ హోష్‌లోనే.

నాయన ఫైబర్ నీళ్ల ట్యాంకులు చేసే వర్క్‌షాపులో ఉండేవాడు. నితాఖత్ అనే రూలు వచ్చి, సౌదీవాళ్లను ఇంతమందిని పెట్టుకోవాల్సిందే అన్నప్పుడు ఆ షాపు రూలు తప్పినవాళ్ల రెడ్డు లిస్టులో పడింది. పనివాళ్ల ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కాలేదు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, చేతులెత్తేశాడు. నాయన ఇంకో కంపెనీకి మారాడు.

షాపు ఖాళీ చేసేటప్పుడు ఒక మూల దుమ్ముకొట్టుకుపోయిన చెక్కపెట్టె బయటపడింది. లోపల టాపు లేని పాతకాలపు కారు బాడీ, ముక్కలు ముక్కలుగా... గుండ్రటి దీపాల గూళ్లు, ఏనుగు చెవుల్లాంటి మడ్‌గార్డులు. ఇంట్లోనే బిగించుకునే కిట్టు అట. కఫీల్ కొడుకు మోజుపడి తెప్పించి మరిచిపోయాడు. కావాలంటే పట్టుకుపొమ్మన్నారు, నాయన పట్టుకొచ్చాడు.

అమ్మ పెట్టెను చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"దీనికి కాగితాలు ఎవురిస్తారు? రోడ్డు మీద పోనిస్తారా?"

"ఇయ్యరు," అన్నాడు నాయన. "నీకూ లైసెన్సు ఇయ్యరు గదా. ఇద్దురూ ఇంట్లోనే తిరగండి."

అమ్మ పెళ్లికి ముందు ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో తాత ట్రాక్టరు తోలేది. శనక్కాయల బస్తాలు వేసుకుని టౌనుదాకా పోయి వచ్చేదట. సౌదీలో అప్పట్లో ఆడవాళ్లు బండి తోలకూడదు. కూరగాయలకు పోవాలన్నా నాయన డ్యూటీ దిగి రావాలి. అమ్మ నోరు తెరిచి ఏమీ అనేది కాదు గానీ, నాయన పక్కన కూర్చున్నప్పుడు ఆమె కుడికాలు దానంతటదే బ్రేకు నొక్కేది. ఆ కాలు కోసమే నాయన ఈ కారు మొదలుపెట్టాడని నాకు ఇప్పటికీ నమ్మకం.

పాత కార్లు ముక్కలుగా అమ్మే చోట ఒక డొక్కు బండి ఇంజనూ, చట్రమూ దొరికాయి. జగిత్యాల నుంచి వచ్చిన వెల్డరు మల్లేశం మామ వాటిని అతికి ఇచ్చాడు. విరిగిన మడ్‌గార్డుకు నాయన అచ్చు పోసి కొత్తది చేశాడు. ఎండాకాలంలో రెసిన్ బకెట్లోనే గట్టిపడి పొగలు కక్కేది, అందుకని పనంతా చలికాలాల్లోనే. ఫైబర్ నలుసులకు ఇంటిల్లిపాదీ గోక్కోవడమే... అమ్మ కొబ్బరినూనె రాస్తూ తిడుతూనే, అతిథులు కూర్చునే పాత మజ్లిస్ పరుపుల ఎర్రగుడ్డతో సీట్లు కుట్టింది. రంగు మాత్రం ట్యాంకుల క్రీము రంగే. మిగిలింది అదే మరి.

ఏళ్లు పట్టింది. ఈలోగా బయటిదేశాలవాళ్ల కుటుంబాల మీద సర్కారు తలకింత అని ఫీజు వేసింది. చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటిగా తాళాలు పడ్డాయి. ఆ చలికాలం మా ఇకామాల వంతు వచ్చింది. అమ్మా, మేమిద్దరం ఆ వీసా మీద మళ్లీ రావడానికి లేని ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోవాలి, నాయన అక్కడే ఉండాలి.

"పోయేలోపు ఒక్కసారన్నా తోల్తానా?" అని అమ్మ అడిగింది. ఆమె దేన్నయినా అలా అడగడం అదే మొదలు.

ఆదివారం విమానం. కారును శుక్రవారం తిప్పుదామనుకున్నారు. గురువారం వాన పడింది... ఏడాదికి ఒకసారి పడే వాన, ఆ రోజే చూసుకుని పడింది.

పొద్దున లేచి చూస్తే కారు సీట్లదాకా నిండి ఉంది. వేపాకులు తేలుతున్నాయి. కారు కింద మాత్రం నేల పొడిగా ఉంది. మల్లేశం మామ వంగి చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"ఖాసిం భాయ్, గిది కారు గాదే, టాంకి. ఒక్క సుక్క కారుతలేదు."

ఏ కారుకైనా అడుగున నీళ్లు పోయే బొక్కలుంటాయి. నాయన పెట్టలేదు. మామ డ్రిల్లు అందించాడు. నాయన దాన్ని తీసుకుని పక్కన పెట్టేశాడు.

"ఇన్నేండ్లూ బొక్కలు మూసేదే నా పని మల్లేశం. పెట్టేది నా చేత కాదు."

అందరం బకెట్లూ చెంబులూ పట్టాం. సర్దిపెట్టిన సూట్‌కేసులోంచి అమ్మ తువ్వాళ్లు బయటికి లాగింది. తుడిచి, ఎండకు వదిలేసి, జుమ్మా అయ్యాక నాయన తాళం తిప్పాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్లీ దగ్గి ఆగిపోయింది. అమ్మ వేపచెట్టును పట్టుకుని నిలబడింది.

అంటుకుంది.

నాయన దిగి సీటు చూపించాడు. అమ్మ కుచ్చిళ్లు పైకి దోపుకుని ఎక్కింది. మేమిద్దరం వెనక, తడి సీటు మీద. "రైట్, పోనియ్ వదినె," అన్నాడు మామ, బస్సు కండక్టర్ లాగా.

వేపచెట్టు చుట్టూ... నెమ్మదిగా... సముద్రపు గాలి, క్రీము రంగు బానెట్టు మీద ఎండ, తడిసిన లాగూలు. అమ్మ నవ్వలేదు. చూపు ముందుకే. ఆ ముఖం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కాకముందు ఆమె అలా ఉండేదేమో అనుకున్నాను. పెట్రోలు అయిపోయేదాకా దిగలేదు.

మేం వచ్చేసిన కొన్ని నెలలకు నాయన అక్కణ్నుంచి ఫోను చేశాడు.

"ఈడ ఇప్పుడు ఆడోళ్లు గూడా కార్లు తోల్తాండారు. నిన్న సిగ్నల్ కాడ నా పక్కనే ఒకామె ఆగింది."

అమ్మ అడిగింది, "బాగా తోల్తాందా?"

"నీ అంత కాదులే."

కారును ఇంటి ఓనరు తన తోటకు తీసుకుపోయాడు. వానొస్తే నిండుతుందట, పావురాలు తాగిపోతాయట. ఇప్పుడు ఆ రోడ్ల మీద అమ్మ కూడా తోలొచ్చు... ఆ రోడ్ల దగ్గర మేమే లేము.

మీ నాయనలు కూడా మీ అమ్మల కోసం ఏదో ఒకటి చేసే ఉంటారు, గేటు దాటనిదైనా సరే. గుర్తొస్తే కింద రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.