తొండం ఎవరి కుడికి?

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేం కావు, ఓ మూడేళ్ల కిందటి మాట. కానీ ఇరవై రెండేళ్ల వయసులో నాకున్నంత జ్ఞానం ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ లేదు కాబట్టి, ఆ రోజుల్లో అనే అంటాను.

నంద్యాలలో ఒక బట్టల కొట్టు పైన ఉండేది మా ఆఫీసు. నలుగురం. మేం తయారుచేసింది ఫోటో చూసి అందులో ఏముందో చెప్పే సాఫ్ట్‌వేర్. దాన్ని వాడేది మనుషులు కాదు, ఏఐ ఏజెంట్లు, అంటే ఒక పని అప్పజెబితే తమంతట తామే చేసుకుపోయే ప్రోగ్రాములు. వాటికి కళ్లుండవు, మా సాఫ్ట్‌వేరే కళ్లు. ఆ కళ్లు చెప్పేదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో రాసిపెట్టే డాక్యుమెంటేషన్ నా పని. కాలేజీలో వ్యాసరచనకు బహుమతులు కొట్టినదాన్ని (రెండు స్టీలు గిన్నెలు, ఒక గోడ గడియారం), నాకు ఇదొక లెక్కా? పన్నెండు పేజీలు రాశాను. 'ఫోటోలో ఏది ఎటు ఉందో పక్కాగా చెబుతుంది' అన్న వాక్యం ఎంత నచ్చిందంటే దాన్ని మూడు చోట్ల పెట్టాను.

మా మొదటి కస్టమర్ ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయన. అందరూ పెద్దాచారి అనేవాళ్లు. కావలసిన విగ్రహం ఫోటోను జనం వాట్సాప్‌లో పంపితే, ఏజెంటు మా సాఫ్ట్‌వేర్‌తో చూసి, వివరాలు చీటీగా రాస్తుంది. ఆయనది బటన్ల ఫోను, అందుకని చీటీ ప్రింటు మాత్రమే ఆయన చేతికి అందేది. ఒక రోజు ఉయ్యాలవాడ వైపు పల్లె నుంచి పాత వినాయకుడి ఫోటో వచ్చింది, అలాంటిదే కొత్తది కావాలని. చీటీ వెళ్లిన వారం రోజులకు పెద్దాచారి ఫోన్ చేశాడు.

"పాపా, తొండం కుడికి అంటాండాది మీ చీటీ. ఖాయమేనా?"

ఫోటో తెరిచి చూశాను. కుడికే ఉంది. (మాది ఆదివారం చర్చికి పోయే ఇల్లు. వినాయకుడికి తొండం ఉంటుందని తెలుసు గానీ, అది ఎటు తిరిగితే ఏమవుతుందో నాకేం తెలుసు?)

"ఖాయం తాతా. గ్యారంటీ నాది" అని ఫోన్ పెట్టేశాను.

అంతా చక్కగా ముగిసిందనుకుంటూ, ఎదురు కుర్చీలో ఉన్న మా ఓనరన్నతో "అన్నా, కుడి పక్కనుండే చార్జర్ ఇట్లియ్యి" అన్నాను. ఆయన తన కుడి పక్క వెతికాడు. చార్జరేమో ఆయన ఎడమ పక్క ఉంది.

"యాడుందమ్మే?" అంటున్నాడాయన. నా చూపు మళ్లీ ఆ ఫోటో మీదికి పోయింది. విగ్రహం కూడా మనకు ఎదురుగానే కదా కూర్చుంటుంది. గబగబా పన్నెండు పేజీలూ తిప్పాను. కుడి అంటే ఎవరి కుడో ఒక్క చోటా రాయలేదు. ఫోన్ చేస్తే పెద్దాచారి ఎత్తడు, రాయి కోసే మిషన్ మోతలో ఏం వినిపిస్తుంది? రాయికి తొండం ఒకసారి తప్పు దిక్కున చెక్కితే మళ్లీ అతికించేది లేదు.

ఆళ్లగడ్డ బస్సెక్కాను. దారి పొడుగునా ఫోన్ కొడుతూనే ఉన్నాను. దిగి, చున్నీ ఎటు పోతోందో చూసుకోకుండా పరిగెత్తి వెళ్లేసరికి పెద్దాచారి రాయి పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. విగ్రహానికి చెవులొచ్చాయి, పొట్ట వచ్చింది. తొండం ఉండాల్సిన చోట మాత్రం రాయి ముద్దగానే ఉంది.

"ఆపినావా తాతా?"

"కుడి తొండం సామిని చిన్న గుళ్లల్లో పెట్టుకోరు పాపా, నియమాలెక్కువ. అందుకే అడిగితి. ఏం చూసి చెప్తాండావో ఒక్క మాట చెప్పకుండా గ్యారంటీ అంటివి. అప్పుడే అనుమానమొచ్చి ఉలి పక్కన పెడితి."

నా ఫోన్లో ఫోటో చూసి "ఇది సామి ఎడమ" అన్నాడు. పల్లెవాళ్లకు ఫోన్ చేస్తే వాళ్లూ అదే అన్నారు. తర్వాత నా పన్నెండు పేజీలు చదివి వినిపించమన్నాడు. రాతిపొడిలో కూర్చుని చదివాను. రెండో పేజీలోనే ఆపాడు.

"ఫోటో మసగ్గా ఉంటే ఏమంటాది?"

"ఏదో ఒకటి చెబుతుంది తాతా."

"తెలీకపోతే తెలీదంటాదా, అనదా?"

అదీ నేను రాయలేదు. ఆ సాయంత్రం అక్కడే రాశాను: ఎడమ, కుడి అన్నవి విగ్రహానివి, చూసేవాళ్లవి కావు. స్పష్టంగా కనిపించకపోతే ఊహించవద్దు, మనిషిని అడగాలి. మా ఓనరన్న సాఫ్ట్‌వేర్‌ను కూడా దానికి తగ్గట్టు మార్చాడు. పాత పన్నెండు పేజీల్లో ఏడు కొట్టేశాను. చదివినకొద్దీ పెద్దాచారి "ఇది ఎవరికి పాపా?" అంటుంటే, ప్రతిసారీ ఒక పేరా ఎగిరిపోయింది మరి.

తర్వాత చాలా రాశాను, వాటిని చాలామంది మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు నా రాతలో తప్పు దొరకడం అంత సులువు కాదు, ఆ మాట ధైర్యంగానే అంటాను. అయినా ఒక్కోసారి ఆ బస్సులో కిటికీ పక్కన ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. ఎదురుపడితే ఆమెకు ఏమీ నేర్పను. పక్క సీట్లో కూర్చుని, ఆమె టికెట్ కూడా నేనే తీసుకుంటాను.