లింగంపల్లి అనుకుని ఎక్కిన బండి

మొన్న మా వీధి చివరి కొట్లో ఎండు ఇప్పపువ్వు అమ్మకానికి పెట్టారు. ఆ తియ్యటి మత్తు వాసన తగలగానే మణుగూరు అవతల అడవంచున ఉన్న మా ఊళ్లో, ఎండాకాలం పొద్దున్నే చెట్ల కింద రాలిన పువ్వు ఏరుతూ, పక్క చెట్టు కింద వంగిన ప్రతి మనిషినీ ఓరకంట కనిపెట్టే మా నాయనమ్మ కళ్లముందు నిలిచింది. సంతలో తరాజు మీద, తునికాకు కొనే గుమాస్తా మీద, ఆఖరికి నేను అన్నం తిన్నానంటే నా మూతి మీద కూడా ఆమెకు అనుమానమే.

నేను బడిలో చేరిన కొత్తలో అమ్మకు కడుపులో గడ్డ అని నాన్న హైదరాబాద్ తీసుకెళ్లాడు. మర్నాడు మధ్యాహ్నం ఆపరేషన్ అనీ, ఆలోపు బిడ్డను ఒక్కసారి చూడాలని అమ్మ ఏడుస్తోందనీ, సికింద్రాబాద్‌లో దిగి లింగంపల్లి లోకల్ బండి ఎక్కితే ఆ లింగంపల్లి స్టేషన్ ఎదురుగానే దవాఖానా అనీ నాన్న దగ్గర్నుంచి ఫోనొచ్చింది. నాయనమ్మ ఒక చేత్తో నన్నూ, ఒక చేత్తో ఇప్పపువ్వు మూటనూ పట్టుకుని బయలుదేరింది.

సికింద్రాబాద్‌లో కూలీ ఒకాయన అటు వెళ్లమని ప్లాట్‌ఫారం చూపిస్తే, మనల్ని దారి తప్పించడానికే అలా చెప్పాడని ఆమె ఇటు తిరిగింది. లోకల్ బండి ముందు వెలిగే అక్షరాలు నేను కూడబలుక్కునేలోపే, ఆడవాళ్లు ఎక్కువగా ఎక్కుతున్న పెట్టెలోకి నన్ను లాగేసింది.

"లింగంపల్లికా అవ్వా? ఇది ఫలక్‌నుమా పోతది, దిగుండ్రి," అన్నాడు తలుపు దగ్గరి పడుచువాడు.

నాయనమ్మ మూటను ఒళ్లోకి లాక్కుంది. "మనల్ని దింపి సీటు పట్టుదామనుకుంటుండు. కదలకు," అంది నా చెవిలో. అతను కాచిగూడలో దిగుతూ మళ్లీ చెప్పాడు. ఆమె కిటికీవైపు తిరిగింది.

ఫలక్‌నుమాలో అందరూ దిగిపోయారు. ఖాళీ పెట్టెలో నాయనమ్మ నన్ను ఒకసారి ఆ తలుపు దాకా, ఒకసారి ఈ తలుపు దాకా లాక్కెళ్లింది. అప్పుడే బుర్ఖా వేసుకున్న ఒకామె ఎక్కి, మా మూట వాసన పీల్చి ఆగింది.

"ఇప్పపువ్వేనా? మాది బూర్గంపాడు అవ్వా. నువ్వెక్కడికి?"

"బూర్గంపాడా! గోదారొస్తే ఏంజేస్తరు మీరు?" నిజంగా మా వైపు మనిషేనా అని నాయనమ్మ నిలదీసింది.

"ఏంజేస్తం, సామాన్లు అటకెక్కిచ్చి మేం బడి కాడికి పోతం. గోడల మీది బురద గీత ఎంత సున్నమేసినా పోదు."

నాయనమ్మ ఊపిరి వదిలి, లింగంపల్లి సంగతి చెప్పింది. ఇదే బండి వెనక్కి తిరిగి అక్కడికి పోతుందని ఆమె అన్నా, "అయితే నువ్వు మా పక్కనే కూసో," అని నాయనమ్మ ఆమె బుర్ఖా అంచు పట్టుకుంది. మలక్‌పేటలో దిగాల్సిన ఆమె, పట్టు వదలని ఆ చేతిని చూసి, నవ్వి, మళ్లీ కూర్చుంది. లింగంపల్లి దాకా వచ్చి, దవాఖానా గుమ్మం దగ్గర మమ్మల్ని వదిలింది.

మేం వెళ్లేసరికి అమ్మను లోపలికి తీసుకెళ్లిపోయారు. తలుపు ముందున్న నాన్న మూట అందుకుని మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టాడు. సాయంత్రానికి అమ్మ కళ్లు తెరిచి, నా చెంప తడిమి, "ఇప్పుడొస్తిరా," అంది. అంతా విన్నాక, "ఆమె పేరేంది?" అనడిగింది. నాయనమ్మ గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు.

ఇప్పుడు నేను ఈ నగరంలోనే ఉంటున్నాను. నాయనమ్మ లేదు. ఫోన్ చెప్పిన చోట ఎక్కుతాను, చెప్పిన చోట దిగుతాను. పక్కన కూర్చున్నది ఏ ఊరి మనిషో నేనడగను, వాళ్లూ అడగరు. ఎవరైనా పలకరించబోతే, బ్యాగు కాస్త దగ్గరికి లాక్కుంటాను.