పెదనాన్న టార్క్ రెంచి

మా పెదనాన్న ఒంటి మీది చొక్కా అడిగినా విప్పి ఇచ్చే రకం. ఒక్క టార్క్ రెంచి దగ్గర మాత్రం పరమ పిసినారి. ఇంజను మీద కూర్చునే భాగాన్ని షెడ్డులో హెడ్డు అంటారు. దాని బోల్టులు బిగించే రెంచి అది. ఎంత బిగువు కావాలో పిడి తిప్పి పెట్టుకుంటే, అంత రాగానే టక్ మంటుంది. అక్కడ చెయ్యి ఆపాలి. పనయ్యాక పిడి వెనక్కి తిప్పి, లోపలి స్ప్రింగుని వదులు చేసి, తుడిచి పెట్టెలో పెట్టేవాడు.

"దీంతో బిగించాలి గానీ ఊడదీయకూడదు. చక్రాల జోలికి అసలు పోకూడదు, వాటికి వేరే రాడ్డుంది" అని కనపడ్డవాడికల్లా చెప్పేవాడు.

"నన్నెప్పుడైనా అంత నాజూగ్గా చూసుకున్నారా?" అని పెద్దమ్మ దెప్పేది.

"ఎక్కడ ఆగాలో అది టక్ మని చెప్తుంది. నువ్వు చెప్పవుగా!"

బిగించేటప్పుడు ఆయన రెంచి వంక చూసేవాడు కాదు. మొహం పక్కకి తిప్పి, కళ్లు మూసుకుని, చెవి ఒగ్గేవాడు. ఆయన బిగించిన హెడ్డు మళ్లీ విప్పాల్సి రావడం నాకు తెలిసి లేదు.

షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ. ఇంజన్లు పెదనాన్నవి. చక్రాలు, బ్రేకులు, బేరాలు మా నాన్నవి. నేను కాలేజీ మానేసి షెడ్డు ముందు కుర్చీ ఎక్కిన రోజుల్లోనే, పెదనాన్న చేసిన ఓ టాక్సీ ఇంజను మరిగిపోయి వెనక్కొచ్చింది. హెడ్డు కింది నుంచి నీళ్లు కారుతున్నాయి. విప్పాడు, నీళ్లు కారకుండా హెడ్డు కింద వేసే గ్యాస్కెట్ కొత్తది వేశాడు, బిగించాడు. ఆ తర్వాత చేసిన వ్యానూ అంతే. మళ్లీ అదే టాక్సీ.

"అన్నయ్యకి వయసు మీద పడిందండీ, చెవి కూడా కాస్త..." అని నాన్న వచ్చినవాళ్లతో గొణిగేవాడు. పెదనాన్న విన్నాడు. కోపం తెచ్చుకుంటే బాగుండేది. నమ్మాడు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తానంటే నాన్నే స్కూటరు మీద తీసుకెళ్లాడు. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు. పెదనాన్న ఆయన్నే నమ్మలేదు.

"ఇంజన్లకి ఇంకెవరినైనా పెట్టరా తమ్ముడూ. నేను టైర్లకి గాలి కొట్టుకుంటా" అన్నాడు.

"నీ ఇష్టం అన్నయ్యా" అన్నాడు నాన్న.

చివరిసారిగా ఆ టాక్సీ హెడ్డే బిగిస్తూ, పెదనాన్న డ్రైవరుకి క్షమాపణ చెప్పుకున్నాడు. డ్రైవరు నొచ్చుకున్నాడు.

"మీ చెయ్యి కాదులెండి మేస్త్రీ, ఆ రెంచే దెబ్బతిందేమో. మొదట్లో ఇంజను పనికి బండి తెచ్చిన రోజు నా చక్రం నట్టు రాకపోతే, తమ్ముడుగారు ఇదే తగిలించి ఎక్కి తొక్కారుగా. ఆ బరువుకి ఏనుగు నడుమైనా విరుగుతుంది!"

డ్రైవరొక్కడే నవ్వాడు.

పెదనాన్న ఎదురుగా ఉన్న పనిముట్ల కొట్టుకి వెళ్లి కొత్త టార్క్ రెంచి అడిగి తెచ్చాడు. రెండింటికీ ఒకే బిగువు పెట్టాడు. పాతది టక్ మన్న బోల్టుకే కొత్తది తగిలించి లాగాడు. బోల్టు తిరిగింది. ఇంకా తిరిగింది. అప్పుడు టక్ మంది. ప్రతి బోల్టూ అంతే. బిగువు చాలకముందే పాతది టక్ మంటోంది.

"రాడ్డు కనపడలేదు అన్నయ్యా. ఒక్కసారే" అన్నాడు నాన్న.

"రాడ్డు సంగతి ఎవడడిగాడురా? నా చెవులు చూపించడానికి నువ్వే కదా తీసుకెళ్లావు. దారిలోనైనా నోరు రాలేదా?"

"తిడతావని..." అన్నాడు నాన్న. తిట్లకి భయపడ్డాడంటే మొదటి బండికి నమ్ముతాను. ఆ తర్వాత షెడ్డు మొత్తం తన చేతికొస్తోందని ఊరుకున్నాడు. మా నాన్నే కాబట్టి నేనే చెప్తున్నాను.

ఆ టాక్సీ మళ్లీ హెడ్డు కోసం రాలేదు. పెదనాన్న మాత్రం మర్నాడే సామాను సర్దుకున్నాడు.

"రెంచి మర్చిపోయావు అన్నయ్యా" అన్నాడు నాన్న, పెట్టె పట్టుకుని.

"అది నీకే. చక్రాలకి వాడుకో."

ఇప్పుడు ఇంకొకళ్ల షెడ్డులో ఇంజన్లు చేస్తున్నాడు. అప్పుడప్పుడూ వెళ్తాను. కళ్లు మూసుకోవడం మానేశాడు. రెంచి టక్ మన్నాక, ఇంకో రెంచి తీసి అదే బోల్టుని మళ్లీ లాగి చూస్తాడు.